అన్‌ఫిట్ కావలసిన మా అన్న

మా దగ్గర ఒక మనిషి అన్‌ఫిట్ అయ్యాడంటే ఆ ఇంట్లో మిఠాయి పంచుతారు. బయటి ఊళ్ళవాళ్ళకు ఈ సంగతి చెబితే నా వంక అదోలా చూస్తారు. బొగ్గు గనిని మేం బాయి అంటాం. బాయిలో పనిచేసే మనిషి ఆరోగ్యం చెడి, ఇక లోపలికి దిగలేడని డాక్టర్ల బోర్డు తేలిస్తే ఆయన ఇంటికి వస్తాడు, ఆయన కొలువు కొడుక్కో కూతురికో పోతుంది. అందుకని గోదావరిఖని కాలనీల్లో ఇద్దరు పెద్దమనుషులు ఎదురుపడితే మంచీచెడూ అడిగినట్టే, "ఏందన్నా, అన్‌ఫిట్ అయినవా?" అని అడుగుతారు. "యాడిది తమ్మీ, మల్ల ఫిట్టే అన్నరు" అని ఎదుటివాడు దిగాలుగా చెబుతాడు. ఇద్దరూ కాసేపు బాధపడి ఎవరి దారిన వాళ్ళు పోతారు.

నేనేమో సర్కారు బడిలో పీఈటీని. మెడలో ఈలతోనే పుట్టానని తోటి టీచర్లు ఎగతాళి చేస్తారు. నా గొంతు పెద్దది, కోపం దానికంటే పెద్దది. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లకే నడుం పట్టుకునే పిల్లలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దంతా పిల్లలను ఫిట్‌గా ఉండమని అరిచి, సాయంత్రం ఇంటికొచ్చి దేవుడి పటం ముందు నిలబడి, మా అన్న అన్‌ఫిట్ కావాలని మొక్కుకునేదాన్ని. ఇందులో నవ్వవలసింది ఉందని నాకూ తెలుసు. ఆ రోజుల్లో మాత్రం నవ్వు రాలేదు.

నాన్న పోయేనాటికి నేను ఏడో తరగతి. ఆయన బాయిలోనే పోయాడు. ఆ కొలువు అన్నకు వచ్చింది. అప్పటికి అన్నకు మీసాలు కూడా సరిగా రాలేదు. నన్ను చదివించింది ఆయనే, గోదావరిలో నడుం లోతు నీళ్ళలో నిలబెట్టి ఈత నేర్పిందీ ఆయనే. పెళ్ళి చేసుకుని, బిడ్డను కని, ఇన్నేళ్ళూ లోపల కప్పు కూలకుండా దన్నులు పెట్టే పని చేశాడు. కానీ ఆ కొలువు తనకు ఎలా వచ్చిందన్నది ఆయన ఎన్నడూ మరిచిపోలేదు. "బాపు సచ్చిపోతే నాకు నౌకరి దొరికింది. నా బిడ్డకు గట్ల దొరకద్దు చెల్లె. నేను బతికుండంగనే ఇయ్యాలె" అనేవాడు. ఆయన కోరుకున్నది అంతే. బంగళాలు, కార్లు ఏనాడూ అడగలేదు.

రెండేళ్ళుగా ఆయనకు దమ్ము, ఊపిరాడని జబ్బు. నాలుగు మెట్లెక్కితే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఆగిపోయేవాడు. సిక్కు లీవులో ఇంట్లో ఉంటూ బోర్డు పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. మా మేనకోడలు ఇంజనీరింగ్ చదివి, పెద్దపల్లిలో ఒక ఫోన్ల దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొడుతోంది. వారసుల కొలువుకు వయసు హద్దు ఉంటుంది. ఆ పిల్లకు అది దగ్గరపడుతోంది. అన్న సర్వీసు కూడా తరిగిపోతోంది, రిటైరైతే ఆ కొలువు ఇక బిడ్డకు రాదు. ఈ రెంటి మధ్య బోర్డు అనే ఒక్క రోజు రావాలి. ఇల్లంతా దాని కోసమే ఊపిరి బిగబట్టి ఉంది.

అప్పుడు వచ్చింది ఈ ట్రయాథ్లాన్. మొదట గోదావరిలో ఈత, ఆపైన రోడ్డు మీద సైకిలు, చివరికి స్టేడియం దాకా పరుగు. హైదరాబాదు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తున్నారని, జిల్లాలోని పీఈటీలంతా వాలంటీర్లుగా రావాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆర్డరు వేసి రమ్మంటే అది వాలంటీరు ఎట్లా అవుతుందని నేను హెడ్మాస్టరు గదిలోనే అరిచాను. అరిచి, సంతకం పెట్టాను.

ముందు రోజు సాయంత్రం అన్న దగ్గర కూర్చుని ఈ సంగతంతా చెప్పాను. ఆయన నెలల తరబడి మంచం, గుమ్మం, మంచం. ఎవరైనా చూస్తే "బానే ఉన్నడు గద" అంటారేమో అని బయటికి కూడా రావడం మానేశాడు. నాకు ఆయన్ని చూస్తే జాలి, ఆ జాలి మీద కోపం.

"రేపు నాతోని రా. నది ఒడ్డున కుర్సీల కూసొని సూడు. కూసొని సూస్తే ఎవడేమంటడు?" అన్నాను.

"ఈత కొట్టి, సైకిల్ తొక్కి, మల్ల ఉరుకుతరా? ఎవరు తరుముతున్నరట వాళ్ళను?" అన్నాడు.

"నువ్వు వచ్చి అడుగు" అన్నాను. వదిన వద్దని సైగ చేస్తూనే ఉంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

తెల్లవారి స్కూటీ మీద తీసుకుపోయాను. చలికాలం. పొగమంచులో కరెంటు కార్ఖానా చిమ్నీలు సగం దాకానే కనబడుతున్నాయి. నీళ్ళ దగ్గర తాళ్ళు కట్టారు. వాలంటీరు టీషర్టు ఉన్నవాళ్ళనే తాడు దాటనిస్తారు. నేను ఒక టీషర్టు అదనంగా అడిగి తెచ్చి అన్నకిచ్చాను. ఆయన దాన్ని విప్పి చూశాడు. వెనుక ఇంత లావు అక్షరాలతో "నేను ఫిట్" అని రాసి ఉంది. పాము పిల్లను పట్టుకున్నట్టు దూరంగా పట్టుకున్నాడు.

"నీకు దండం పెడత చెల్లె. గిది ఏస్కుంటే నా ఫైలు గోదాట్ల కలుస్తది."

ఇద్దరం ఎంత నవ్వామో. ఆయనకు నవ్వులోనే దగ్గు వచ్చింది. చివరికి దాన్ని తిరగేసి తొడిగాను. కుట్లు పైకి కనబడుతూ, ఆ టీషర్టులో, మఫ్లరు చుట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నా పని ఆయన పక్కనే. ఈత ముగించి నీళ్ళలోంచి బయటికి వచ్చేవాళ్ళ చేతి మీద నంబరు చూసి కాగితం మీద రాసుకోవాలి. ఎంతమంది దిగారో అంతమంది ఎక్కాలి.

తాడు అవతల జనం బాగానే చేరారు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్ళు కొందరు మొహాల మీద బొగ్గుతోనే ఆగి చూస్తున్నారు. ఎవరికీ ఎవరూ తెలియకపోయినా కేకలు, ఈలలు. బిగుతు బట్టలు వేసుకున్న ఒకామెను చూసి ఒక ముసలవ్వ, "అవ్వో, సలి పెడుతలేదా బిడ్డా నీకు" అని నిజంగా బాధపడింది. మా అన్న మాత్రం ఎవరి బట్టలూ చూడలేదు. పెదాలు కదుపుతూ తలలు లెక్కపెడుతున్నాడు. బాయిలో అలవాటు అది. దిగినవాళ్ళు ఎందరు, ఎక్కినవాళ్ళు ఎందరు అని లెక్క చూసుకోకుండా ఆయన ఏనాడూ ఇంటికి రాలేదు.

ఒక్కొక్కరే ఎక్కారు. రొప్పుతూ, వణుకుతూ, నంబరు చూపిస్తూ సైకిళ్ళ వైపు పరుగు తీశారు. నా కాగితంలో చివరికి ఒక్క గడి మిగిలింది.

"ఒకడు ఇంక నీళ్ళల్నే ఉన్నడు" అన్నాడు అన్న, నేను చెప్పకముందే.

మంచులో దూరంగా ఒక పసుపు టోపీ కనబడింది. యాభై ఏళ్ళ భారీ మనిషి. నెమ్మదిగా ఈదుతూ, దారి తప్పి, కిందివైపు పోతున్నాడు. అటు పోతే ఇసుక తవ్విన గుంతలు. మా నది ఇసుకే మా బాయిల్లో బొగ్గు తీసిన ఖాళీల్లో నింపుతారు. ఎక్కడెక్కడ తవ్వారో, ఎక్కడ నీళ్ళు సుడి తిరుగుతాయో అన్నకు అరచేతిలో గీతలా తెలుసు. హైదరాబాదు మనిషికేం తెలుసు? కాపలా పడవ అవతలి వైపు ఉంది. నేను ఈల వేశాను. పడవవాళ్ళు ఎటో చూస్తున్నారు.

అన్న కుర్చీలోంచి లేచాడు. మఫ్లరు లాగి అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు. బాయిలో దీపం అడ్డంగా ఊపితే ఆగమని. అది మా కాలనీల్లో పసిపిల్లకు కూడా తెలుసు. పాపం ఆ ఈతగాడు, తనను హుషారు చేస్తున్నారనుకుని, ఒక చెయ్యి పైకెత్తి సంతోషంగా ఊపి, ఇంకా అటే పోయాడు.

"ఆగమంటే ఊపుతడేందిర వీడు!" అని మా అన్న ఉరికాడు.

నిజంగానే ఉరికాడు. నాలుగు మెట్లెక్కలేని మనిషి, తిరగేసిన టీషర్టుతో, చేతిలో మఫ్లరుతో, తడి ఇసుక మీద ఒడ్డు వెంబడి. "అన్నా, ఎడమ దిక్కు! నీ ఎడమ చెయ్యి దిక్కు రా!" అని బాయిలో పిలిచినట్టు గొంతెత్తి పిలుస్తూ. జనమంతా ఆయన వైపు తిరిగి చప్పట్లు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ ఒడ్డునే ఆయన ఉరికిన రోజులు గుర్తొచ్చి, నాకు తెలియకుండానే వీడియో తీయడానికి ఫోను బయటికి వచ్చింది. తీశాను. ఆ ఈతగాడు ఆగి, తల ఎత్తి, ఎడమకు తిరిగాడు. పడవ కూడా అటు మళ్ళింది. అందాకా తీసి, కాగితంలో ఆఖరి నంబరు రాయడానికి ఫోను జేబులో పెట్టుకున్నాను.

తరువాత జరిగింది నేను తీయలేదు. అన్న ఇసుకలో కూలబడ్డాడు. పెదాలు నీలంగా మారాయి. ఛాతీ పట్టుకుని, నోరు తెరిచి, గాలి కోసం కొట్టుకున్నాడు. అంబులెన్సు దగ్గరి నర్సు వచ్చి ఆక్సిజన్ పెట్టింది. పావుగంటకు గానీ ఆయన మాట్లాడలేదు. ఇంకొక్క నిమిషం నేను ఫోను అలాగే పట్టుకుని ఉంటే, బోర్డుకు కావలసిన రుజువు దానిలో ఉండేది. ఉరికింది మాత్రమే ఉంది. కూలింది లేదు.

కానీ ఆయన ముఖం! మాస్కు తీశాక అడిగిన మొదటి మాట, "గాయన ఎక్కిండా?" ఎక్కాడన్నాను. ఆ మనిషి సైకిలు ఎక్కబోతూ ఇటు వచ్చి మా అన్నకు రెండు చేతులూ జోడించాడు. అన్న చిన్నపిల్లవాడిలా సిగ్గుపడ్డాడు. నా ఫోనులో ఆ వీడియో మూడుసార్లు పెట్టించుకుని చూశాడు. ఆయనది బటన్ల ఫోను. "ఇది నేనేనా చెల్లె?" అన్నాడు. రెండేళ్ళలో ఆ ముఖంలో అంత వెలుతురు నేను చూడలేదు.

ఆ సంతోషంలోనే నేను చేయరాని పని చేశాను. మధ్యాహ్నం ఇంటికి చేరగానే ఆ వీడియోను నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. చుట్టాల గ్రూపులో వేశాను. అన్న షిఫ్టులోని దోస్తుకు కూడా పంపాను. "మా అన్న" అని మాత్రం రాశాను. వేరే మాట అవసరం అనిపించలేదు.

పొద్దు గూకకముందే ఆ దోస్తు ఫోను చేశాడు. మా వెనుక వీధే. చిన్నప్పటి నుంచి నన్ను చెల్లె అనే పిలుస్తాడు.

"ఏం పని చేసినవ్ చెల్లె? అన్న ఫైలు నడుస్తుంది. బాయి మీద అందరి ఫోన్లల్ల గదే తిరుగుతుంది. అన్‌ఫిట్‌కు పెట్టుకున్నోడు ఎట్ల ఉరుకుతుండో సూడమని నవ్వుతున్నరు. ఎవడన్న తీస్కపోయి సూపెడితే?"

పీఈటీ ఉద్యోగంలో ఎంతమందినో ఏడిపించాను. నేను మాత్రం ఎవరి ముందూ ఏడ్చిన మనిషిని కాదు. ఆ సాయంత్రం ఫోనులో ఏడ్చాను. స్టేటస్ తీసేశాను. నా ఫోనులోంచీ తుడిచేశాను. ఉంటే ఎవరికైనా చూపిస్తానేమోనని నా మీద నాకే భయం. చుట్టాలకు ఒక్కొక్కరికే ఫోను చేసి తీసెయ్యమని బతిమాలాను. "షిఫ్టోళ్ళ సంగతి నువ్వే సూడాలె అన్నా" అని దోస్తును వేడుకున్నాను. సరేనన్నాడు. మా మేనకోడలు నా ముందే తన ఫోనులోంచి తీసేసింది. తీసేసి, ఒక్క మాట కూడా అనకుండా లోపలికి పోయింది. అంటే బాగుండేది.

నెలన్నరకు బోర్డు పిలిచింది. వదిన వెంట వెళ్ళింది. సాయంత్రం దాకా నేను బడిలో గంట కొట్టడం కూడా మరిచిపోయి గేటు వైపే చూస్తూ ఉన్నాను. వదిన నుంచి ఫోను వచ్చింది. "ఫిట్ అన్నరు" అంది. ఆ వెంటనే పెట్టేసింది. పది రోజులకు అన్న మళ్ళీ బూట్లు వేసుకుని డ్యూటీకి పోయాడు.

నేను ఆయన ఎదుట పడలేకపోయాను. పండుగకు కూడా ఏదో పని ఉందని తప్పించుకున్నాను. ఒకసారి ఆయనే వచ్చాడు. "వీడియో పాడు చేసిందంటవా? గదేం లేదు. ఊకె ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆయన మంచితనం కొద్దీ అంటున్నాడనుకున్నాను. మెట్లు దిగేటప్పుడు రెండుచోట్ల ఆగడం కిటికీలోంచి చూశాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, మొదటి షిఫ్టు ముగించుకుని పైకి వచ్చి, దీపం అప్పగించి, బండి దగ్గరకు నడుస్తూ అన్న కూలిపోయాడు. దవాఖానకు చేర్చేసరికే అయిపోయింది. తీసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టినప్పుడు గోళ్ళ సందుల్లో బొగ్గు ఉంది. వదిన తడిగుడ్డతో ఆ గోళ్ళే తుడుస్తూ కూర్చుంది.

పరామర్శకు వచ్చినవాళ్ళు మంచివాళ్ళే. మా దగ్గర అందరూ అనే మాటే అన్నారు. "సర్వీసుల పోయిండు. ఇగ బిడ్డకు నౌకరి ఎట్లయినా వస్తది." నేను లేచి వాళ్ళందరినీ బయటికి పొమ్మని అరిచాను. నా నోరు అందరికీ తెలుసు కనుక ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం అన్న మాటలే చెవుల్లో. బతికుండంగనే ఇయ్యాలె, బతికుండంగనే ఇయ్యాలె.

కొలువు వచ్చింది. కాగితం వచ్చిన రోజు నేను వదిన కాళ్ళ దగ్గర కూర్చుని, "నా వల్లనే వదినె. ఆ వీడియో నేను పెట్టకపోతే అన్నకు అన్‌ఫిట్ అయ్యేది. ఇంట్ల ఉంటుండె, బతుకుతుండె" అని అప్పటిదాకా గొంతులో ఉన్నదంతా చెప్పాను.

వదిన నన్ను లేపి పక్కన కూర్చోబెట్టుకుంది. "నీకు ఇన్ని దినాలు చెప్పలే. ఆయన చెప్పద్దన్నడు" అంది. "గా వీడియో అక్కడ ఎవలు సూడలే. డాక్టరు మంచిగనే అడిగిండు. ఏం పెద్దమనిషీ, ఈ మధ్యల ఎప్పుడన్న ఉరికినవా అన్నడు. లేదంటే అయిపోవు గద! ఈయన నవ్విండు. నవ్వి, నది కాడ ఉరికింది, గా మనిషి చెయ్యూపింది, దండం పెట్టింది, అంత చెప్పిండు. చెప్పుకుంట కుర్సీలకెల్లి లేసి నిలబడ్డడు. నేను చెయ్యి గుంజుతనే ఉన్న. వాళ్ళ పరీక్షలల్ల ఏమొచ్చిందో, ఈయన మాట విని ఏమనుకున్నరో, దేవునికెరుక. బయటికొచ్చినంక ఏం పని చేసినవయ్యా అంటే, అబద్దం ఎట్ల చెప్పాలె, ఉరికిన గద అన్నడు."

ఆ మాట విన్నాక నా గుండె తేలిక పడాలి. పడలేదు. ఆయన ఆ ఉరుకును ఎంత ముచ్చటపడి దాచుకున్నాడో అప్పుడు అర్థమైంది. జీవితమంతా బిడ్డ కోసం అన్‌ఫిట్ కావాలనుకున్న మనిషి, ఒక్క పూట ఫిట్‌గా ఉన్నానని చెప్పుకోకుండా ఉండలేకపోయాడు. డాక్టర్లను తప్పుపట్టను. అన్నను అసలే పట్టను. కానీ నేను ఆ పొద్దున స్కూటీ తీయకపోయి ఉంటే ఆయనకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

మా మేనకోడలికి బాయి మీద దీపాలిచ్చే గదిలో డ్యూటీ వేశారు. మొదటి రోజు నేనే దిగబెట్టాను. గేటు దగ్గర స్కూటీ దిగి, చున్నీ సర్దుకుని, నాలుగడుగులు పోయి వెనక్కి వచ్చింది. అన్న పోయినప్పటి నుంచి నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడని పిల్ల.

"అత్తమ్మా, బాపు ఉరికిన వీడియో నాకు పంపవా? నేను ఆ దినం కోపంల తీసేసిన. బాపు ఫోటోలన్ని నిలవడ్డయే ఉన్నయి. గా వీడియోలనే కదులుతడు, మాట్లాడుతడు."

నా దగ్గర లేదని చెప్పడానికి నోరు రాలేదు. "డ్యూటీ దిగినంక పంపుత బిడ్డా" అన్నాను.

ఆ పూటే బడికి సెలవు పెట్టి ఫోన్లు మొదలుపెట్టాను. చుట్టాలెవరి దగ్గరా లేదు. పోటీ పెట్టినవాళ్ళ వీడియోలో నీళ్ళున్నాయి, టోపీలున్నాయి, ఒడ్డంతా మంచు. చివరికి వెనుక వీధికి నడిచి అన్న దోస్తు ఇంటి ముందు నిలబడ్డాను. షిఫ్టులో ఎవరో ఒకరు తీసెయ్యకుండా ఉంచి ఉంటారు, ఒక్కరి దగ్గరైనా ఉంటుంది, అడిగి ఇప్పించమన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. "నువ్వు అంత ఏడ్సుకుంట చెప్పినవ్ గద చెల్లె. ఒక్కొక్కని ఫోను నేనే గుంజుకొని సూసిన. ఒక్కటి గూడ ఉంచలే" అన్నాడు.